రామ్లా ఇండియన్ దుకాణం: కరివేపాకుకు ఐదు మార్కులు, కందిపప్పుకు రెండు

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనిలో ఉన్న మన నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కలిసినప్పుడల్లా అందరూ అడిగేది ఒక్కటే, "అక్కా, కరివేపాకు ఎక్కడ దొరుకుతది?" రామ్లాలో దొరుకుతుంది. మార్కెట్ వెనక సందులో, ఇండియన్ కిరాణా దుకాణంలో. పేరు రాయడం లేదు. ఓనరమ్మే వద్దంది. "తిట్టాలనుకుంటే తిట్టు, బోర్డు మీది పేరు మాత్రం రాయకు" అని ముందే మాట తీసుకుంది. రామ్లా మార్కెట్‌లో ఎవరిని అడిగినా "హోడూ" దుకాణం చూపిస్తారు. హోడూ అంటే ఇక్కడి భాషలో ఇండియా.

మాది బోధన్ దగ్గర. తొమ్మిదేళ్లుగా టెల్ అవీవ్ పక్కనున్న రమత్‌గన్‌లో ఒక ముసలామె దగ్గర పని చేస్తున్నాను. ఆమెను సఫ్తా అంటాను, అంటే నానమ్మ. శుక్రవారం పొద్దున ఆమె కూతురు వస్తుంది. మందుల డబ్బా ఆమె చేతిలో పెట్టి, సంచి తీసుకుని బస్సెక్కుతాను. మధ్యాహ్నం రెండు దాటితే దుకాణాలు షట్టర్ దించేస్తాయి, ఆ తర్వాత శబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా యూదుల విశ్రాంతి దినం) అని బస్సులూ ఆగిపోతాయి. అందుకే ఈ షాపింగ్ అంతా ఎప్పుడూ ఉరుకులు పరుగులే.

దుకాణం చిన్నది, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒరగాల్సిందే. గుమ్మం పక్కనే కరివేపాకు, తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఉంటుంది. ఓనరమ్మ పెరట్లో చెట్టుదే. రెబ్బ తుంచితే చెయ్యంతా వాసన. ఫ్రిజ్‌లో ఎండిపోయి నల్లబడ్డ సూపర్ మార్కెట్ పాకెట్ కాదు ఇది. లోపల అటుకులు, శనగపిండి, ఇంగువ, అప్పడాలు, చింతపండు. చింతపండును ఇక్కడ తమర్ హిందీ అంటారు, ఇండియా ఖర్జూరం అన్నమాట. ఆ పేరు విన్న రోజు నవ్వు ఆగలేదు. చింతపండు మాత్రం బాగుండదు, గింజ ఎక్కువ, పులుపు తక్కువ. సోనా మసూరి అసలు ఉండదు. బాస్మతి తిని తిని నాకు అన్నమంటేనే విసుగొచ్చింది.

ఓనరమ్మను నేను మావ్‌శీ అంటాను, మరాఠీలో పిన్ని అని. మొదటిసారి వెళ్లినప్పుడు హీబ్రూలో తడబడుతుంటే, ఆమె వెనక్కి తిరిగి మరాఠీలో ఎవరితోనో ఏదో అంది. మాది మహారాష్ట్ర బార్డర్ కదా, సంతలో నేర్చుకున్న మరాఠీతో జవాబిచ్చాను. ఆమె చేతిలో తూకం వేస్తున్న పసుపు అట్లాగే ఆగిపోయింది. ఆ రోజు నుంచి నన్ను "పోరీ" అనే పిలుస్తుంది.

మావ్‌శీ వాళ్లు బెనె ఇస్రాయేల్ యూదులు, అంటే మహారాష్ట్ర తీరం నుంచి వచ్చిన యూదులు. అలీబాగ్ దగ్గర నవ్‌గావ్‌లో ఓడ పగిలి ఒడ్డుకు చేరిన ఏడు జంటల సంతానం అని చెప్పుకుంటారు. కొంకణ్‌లో నూనె గానుగలు ఆడించేవాళ్లు. శనివారం పని చేయరు కాబట్టి ఊళ్లో వాళ్లను శనివార్ తేలీ అనేవారట. ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేరు చివర "కర్" పెట్టినవే. ఇండియా మూలాలున్న యూదులు అందరూ కలిపి ఇజ్రాయెల్‌లో ఇప్పుడు 80,000కు పైగా ఉన్నారు. ఇందులో కొచ్చిన్ వాళ్లు వేరు, మణిపూర్, మిజోరం వాళ్లు వేరు. మావ్‌శీ లెక్కలో కొచ్చిన్ వాళ్లకు చేపల కూర వండడం వస్తుంది కానీ బేరం చేయడం రాదు. అది ఆమె అభిప్రాయం, నాది కాదు.

నేను ఈ దేశానికి వచ్చేటప్పుడు ఇజ్రాయెల్ వాళ్లంటే అందరూ బైబిల్ బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు ఒకే రకం మనుషులు అనుకున్నాను. మా ఊరి చర్చిలో చూసిందంతే. మావ్‌శీ కౌంటర్ పక్కన పది నిమిషాలు నిలబడితే ఆ భ్రమ పోతుంది. ఆమె తల్లిదండ్రులు చీర, ధోతీల్లో ఓడ దిగితే, "మీరు నిజంగా యూదులేనా?" అని అడిగారట. 1962లో ఇక్కడి రబ్బీల (యూదుల మత గురువుల) పెద్ద సభ, బెనె ఇస్రాయేల్ వాళ్లు వేరే యూదులను పెళ్లి చేసుకోవాలంటే తాతముత్తాతల పుట్టుక విచారించాలంది. మన దగ్గర కులం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిప్పినట్టే. వీళ్లు జెరూసలేంలో ధర్నాకు దిగారు, పార్లమెంటు కల్పించుకుంది, చివరికి 1964లో ఆ షరతు తీసేశారు. మావ్‌శీ అమ్మ ఆ ధర్నాలో కూర్చుందట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం మావ్‌శీ బిల్లు కొట్టడం ఆపేస్తుంది. వెనక క్యూ గొణుగుతుంది.

ఇక అసలు సరుకు, అంబా. మరాఠీలో ఆంబా అంటే మామిడి. పచ్చి మామిడి, పసుపు, మెంతులు వేసి చేసే పల్చటి పచ్చడి. చూస్తే ఆవకాయకు పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. కారం అంతంతే, నూనె దాదాపు ఉండదు, మెంతి మాత్రం దండిగా. చొక్కా మీద పడితే మరక పోదు, తిన్న మర్నాటి దాకా ఒంటి చెమట కూడా మెంతి వాసనే. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల చేతుల మీదుగా ఇది ఇరాక్ చేరిందని, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందని చెబుతారు. అంటే మన మామిడికాయ రెండు సముద్రాలు, ఒక ఎడారి తిరిగింది. సూపర్ మార్కెట్ సీసాలో వచ్చేది పసుపు నీళ్లు. మావ్‌శీ ఇంట్లో చేసేదాంట్లో ముక్క పంటికి తగులుతుంది, టెంక జీడి చివర్న కాస్త వగరు కూడా.

మా సఫ్తా పుట్టింది బాగ్దాద్‌లో. 1950, 51లో ఇరాక్ నుంచి దాదాపు లక్షా ఇరవై వేల మంది యూదులను విమానాల్లో ఇక్కడికి తెచ్చారు, ఆమె అందులో ఎనిమిదేళ్ల పిల్ల. వాళ్ల నాన్న ఆస్తిని అక్కడి సర్కారు స్తంభింపజేసింది. ఇక్కడ దిగాక వానాకాలమంతా గుడారంలో ఉన్నారట. కోపం వస్తే ఇప్పటికీ అరబ్బీలోనే తిడుతుంది. శనివారం పొద్దున వేయించిన వంకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు, పైన అంబా. బాగ్దాద్ యూదుల ఇళ్లలో శబ్బాత్ ఉదయం తినేది ఇదేనట. దీన్నే రొట్టెలో కూరి సబీఖ్ అని దేశమంతా అమ్ముతున్నారు. నేను సగం డబ్బా సఫ్తాకు ఉంచి, మిగతా సగంలో ఎండుకారం, వెల్లుల్లి కలిపి ఆవనూనెతో పోపు పెట్టుకుంటాను. ఒకసారి సఫ్తా పొరపాటున నా డబ్బా తెరిచింది. ఆ రోజు నాకు కొన్ని కొత్త అరబ్బీ మాటలు తెలిశాయి.

పోయిన శుక్రవారం క్యూ చెబుతాను. నా ముందు తల మీంచి తెల్లటి బట్ట కప్పుకున్న ఇథియోపియా ఆమె. వాము కోసం వచ్చింది, వాళ్ల కారప్పొడిలో వేస్తారట. చిటికెడు అరచేతిలో నలిపి, వాసన చూసి, "పాతది" అని వెనక్కి తోసింది. మావ్‌శీ గుణుసుతూ కొత్త మూట విప్పింది. ఆమె 1991 మే నెలలో వచ్చిందట, పసిపిల్లగా. అప్పుడు ముప్పై ఆరు గంటల్లో 14,000 మందికి పైగా ఇథియోపియా యూదులను సీట్లు పీకేసిన విమానాల్లో తెచ్చారు. దోశలాంటి వాళ్ల రొట్టె ఇంజెరాకు పిండి పులియబెట్టడం గురించి అడిగితే, మా దోశ పిండి లెక్కలు, ఆమె లెక్కలు దాదాపు ఒక్కటయ్యాయి. వెనక ఒక అరబ్బు పెద్దాయన, కాఫీలోకి ఏలకులు. ఆయన కుటుంబం రామ్లాలో అందరికంటే ముందు నుంచి ఉన్నది. 1948 జులైలో, యుద్ధం నడుస్తుండగా, ఇజ్రాయెల్ సైన్యం ఈ ఊరి అరబ్బుల్లో చాలామందిని వెళ్లగొట్టింది, మిగిలిన కొద్దిమందిలో వాళ్లొకరు. ఖాళీ అయిన ఇళ్లలోకి బయటి నుంచి వచ్చిన యూదులను దింపారు. ఆ మాట ఆయన చెప్పలేదు, మావ్‌శీ చెప్పింది, అదీ ఆయన వెళ్లాక, గొంతు తగ్గించి. దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరబ్బు. ఈ దుకాణంలో ఆ లెక్క ఇంకా ఎక్కువే అనిపిస్తుంది.

కౌంటర్‌లో డబ్బులు తీసుకునేది మావ్‌శీ మనవడు. తల్లి మరాఠీ, తండ్రి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా నుంచి వచ్చినవాడు. నువ్వు ఎవరి తరఫు అని అడిగాను. "మా ఇంట్లో ఇంకా తేల్లేదు, తేలాక చెబుతా" అని చిల్లర చేతిలో పెట్టాడు.

ఇక ఫిర్యాదు. కందిపప్పు. రెండు నెలల కింద రెండు కిలోలు కొన్నాను. ఇంటికెళ్లి డబ్బాలో పోస్తుంటే పురుగులు. మళ్లీ శుక్రవారం దాకా ఆగి వాపసు తీసుకెళ్తే, "మీ ఇంట్లోనే పట్టి ఉంటాయి" అంది మావ్‌శీ. బిల్లు చూపించాను, సీల్ తీసిన పాకెట్ చూపించాను. పది నిమిషాల వాదన తర్వాత పప్పు మార్చింది కానీ మొహం మార్చలేదు. పైగా ధర, ఇంటి దగ్గర కొనేదానికి మూడు రెట్లు. అందుకే రెండు మార్కులు. అటుకులు మాత్రం ధైర్యంగా కొనండి. మావ్‌శీ వాళ్లు ఏలియా ప్రవక్త పేరు మీద మొక్కు తీర్చుకునేటప్పుడు చేసే మలీదా అనే ప్రసాదానికి ఇవే అటుకులు వాడతారు. కొబ్బరి, తీపి, పండ్ల ముక్కలు కలిపి పెడతారు. దేవుడికి పెట్టేది కదా, అందులో పురుగు ఉండనివ్వరు.

ఒంటిగంటలోపు వెళ్లండి. బుధవారం సంత రోజు, అడుగు పెట్టే చోటు ఉండదు. అంబా డబ్బాకు రెండు కవర్లు అడిగి తీసుకోండి, నా సంచి అడుగు ఇప్పటికీ పసుపే. కరివేపాకుకు గురువారమే ఫోన్ చేయాలి. బోధన్ అమ్మాయి పంపిందని చెబితే ధర తగ్గిస్తుందేమో అనుకోకండి, కందిపప్పు గుర్తొచ్చి ఇంకో రెండు షెకెల్లు (ఇక్కడి డబ్బులు) ఎక్కువే వేస్తుంది.