కుటుంబం దాకా చాలా, జాతి దాకా వెళ్లాలా? తీరపు చిత్తడి నేలల్లో పురుగుల లెక్క

కడప, కర్నూలు, అనంతపురం కాలేజీల నుంచి పెన్నా ముఖద్వారానికో పులికాట్ సరస్సుకో ప్రాజెక్టు పని మీద వెళ్లే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నీరు, నేల ఎంత పాడయ్యాయో అంచనా వేయడానికి బురదలో దొరికిన అకశేరుకాలను (వెన్నెముక లేని జీవులను) కుటుంబం (ఫ్యామిలీ) వరకు గుర్తిస్తే సరిపోతుందా, జాతి (స్పీషీస్) పేరు పట్టాల్సిందేనా? ఇద్దరు ముగ్గురి జట్టు, ఒక స్టీరియో మైక్రోస్కోపు, ఒక సెమిస్టరు గడువు ఉన్నచోట కుటుంబమే మేలు. కానీ ఒక షరతు మీద. ఆ షరతు ఉప్పు.

తుంగభద్రలోనో కేసీ కాలువలోనో నేర్చుకున్న పద్ధతిని ఉన్నదున్నట్టు తీరానికి మోసుకెళ్లడంతోనే లెక్క తప్పుతుంది. మంచినీటి దగ్గర అందరూ అలవాటు పడేది బీఎండబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పట్టికకు. బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన బృందం అక్కడి నదుల కోసం ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 వరకు మార్కులు వేసింది. మురుగును తట్టుకోలేని కుటుంబానికి ఎక్కువ మార్కులు: వానపాముల చుట్టాలైన ఆలిగోకీటాలకు 1, దోమలాంటి ఈగల పిల్లలైన కైరోనోమిడ్‌లకు 2, పిల్లదశలో నీటిలో పెరిగే మేఫ్లై పురుగుల్లో బేటిడేకు 4, హెప్టజెనిడేకు 10. వచ్చిన మొత్తాన్ని మార్కులు పడిన కుటుంబాల సంఖ్యతో భాగిస్తే సగటు, అంటే ఏఎస్‌పీటీ. మంచినీటి వరకు ఇది పనికొచ్చే పద్ధతే. ముఖద్వారం దగ్గర మాత్రం శుభ్రమైన మడ కాలువకు కూడా మురుగు కాలువ మార్కులే పడతాయి. మేఫ్లై, కాడిస్‌ఫ్లై పిల్లలు అక్కడ దాదాపు ఉండకపోవడానికి కారణం మురుగు కాదు, ఉప్పు.

మరి జాతి స్థాయికి వెళ్తే ఈ చిక్కు తీరుతుందా? తీరదు. సముద్రతీరాలకు వాడే ఏఎంబీఐ సూచిక 2000లో యూరప్ తీరాల కోసం వచ్చింది. జాతులను వాటి తట్టుకునే శక్తిని బట్టి అయిదు గుంపులు చేసి, 0 నుంచి 6 వరకు విలువ కడుతుంది. విలువ పెరిగేకొద్దీ నేల పాడైందని అర్థం. అయితే నదీ ముఖద్వారంలో ఉప్పు రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, సేంద్రియ బురద సహజంగానే పేరుకుంటుంది. జాతులు తక్కువ, ఒళ్లు చిన్నవి, సంఖ్య ఎక్కువ. కాలుష్యం చూపే లక్షణాలూ ఇవే. పేరు ఎంత కచ్చితంగా పట్టినా ఈ రెంటినీ విడదీయలేరు.

విడదీసేది పోలిక ఒక్కటే. ప్రతి మచ్చు దగ్గరా రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు కొలవండి. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోండి, లేకపోతే ఎండకు వేడెక్కిన పరికరం తప్పు చూపిస్తుంది. లీటరుకు 0.5 గ్రాముల లోపు, 0.5–5, 5–18, 18–30, ఆపైన అని చోట్లను వేరుచేసి, ఒకే పట్టీలో ఉన్న చోట్లనే ఒకదానితో ఒకటి పోల్చండి. రొయ్యల చెరువుల నీరు కలిసే కాలువను, అదే ఉప్పదనం, అదే రకం బురద ఉండి ఆ నీరు చేరని కాలువతో పక్కపక్కన పెట్టాలి. అక్టోబరు–డిసెంబరు వానల్లో తీసిన మచ్చును మే నెల మచ్చుతో పోల్చకూడదు. ఈ జాగ్రత్త పడితే కుటుంబాల జాబితా చాలు. సముద్రపు అడుగున కాలుష్యపు జాడ కుటుంబం స్థాయిలోనే బయటపడుతుందని బ్రిటన్ సముద్ర జీవశాస్త్రవేత్త వార్విక్ 1988లోనే చూపించాడు.

కుటుంబం వైపు మొగ్గడానికి ఇంకో కారణం తప్పుల స్వభావం. నెరీడిడే పురుగుకు నాలుగు కళ్లు, రెండు లావు పాల్పులు (తల ముందుండే తడిమే అవయవాలు), బయటికి వచ్చే గొంతులో రెండు దవడలు ఉంటాయి. కాపిటెల్లిడే పురుగు వానపాములా ఉంటుంది, తల మీద ఏమీ ఉండదు. స్పయోనిడేకి రెండు పొడవాటి పాల్పులు. రొయ్యల చుట్టాలైన చిన్న జీవుల్లో ముందు క్రమం (ఆర్డర్, కుటుంబానికి పై మెట్టు) తేలుతుంది: పక్కలకు నొక్కినట్టుంటే ఆంఫిపాడ్, పైనుంచి నొక్కినట్టుంటే ఐసోపాడ్, మొదటి కాళ్లకు పట్టకారుంటే టనైడ్. వీటిని ఇద్దరు విడివిడిగా చూసి సరిపోల్చుకోవచ్చు. జాతి దగ్గరికొస్తే దవడ మీది పళ్ల వరసలు, ముళ్ల కొనలు స్లైడు మీద చూడాలి. జీవులను గుర్తించడానికి చేతికి దొరికే కీ పుస్తకాలు చాలావరకు పాతవి, యూరప్ జాతుల పేర్లు మన పురుగులకు తగిలించినవి. అక్కడ పడిన తప్పు పేరు నేరుగా సూచికలోకి పోతుంది, ఎవరూ పట్టుకోలేరు.

ఏ స్థాయికి వెళ్లినా మచ్చు పాడైతే రెండూ పోతాయి. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను 15 సెంటీమీటర్లు దింపి, చోటుకు అయిదు మచ్చులు తీయండి. 0.5 మిల్లీమీటరు జల్లెడలో అక్కడి నీళ్లతోనే కడగాలి. క్యాన్ నీళ్లు పోస్తే సముద్రపు పురుగులు ఉబ్బి తెగిపోతాయి. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుని, స్పయోనిడ్ పాల్పులు రాలిపోతాయి. అప్పుడది మురుగు చోట్ల గుంపులుగా పెరిగే కాపిటెల్లిడ్ లాగే కనిపిస్తుంది, శుభ్రమైన చోటు మురికిదని తేలవచ్చు. లీటరు మంచినీళ్లకు 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, అక్కడి నీళ్లు అంతే పోసి, పావుగంట ఉంచాక ఫార్మలిన్ వాడండి. కొన్న ఫార్మలిన్ ఒక వంతు, ఉప్పునీళ్లు తొమ్మిది వంతులు, చిటికెడు బోరాక్స్. బోరాక్స్ మరిస్తే ఆమ్లానికి చిన్న గుల్లలు కరిగిపోతాయి. తర్వాత నీళ్లలో బాగా కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి.

కుటుంబం దగ్గర ఆగితే చాలని సందర్భాలు రెండున్నాయి. ఒకటి, బయటినుంచి వచ్చిపడ్డ జీవులు. పులికాట్‌లో పాతుకుపోయిన దక్షిణ అమెరికా ఆల్చిప్ప మైటెల్లా స్ట్రిగాటాదీ, మన పచ్చ ఆల్చిప్పదీ ఒకటే కుటుంబం, మైటిలిడే. కుటుంబం దగ్గర ఆగితే సరస్సులో వచ్చిన పెద్ద మార్పు కాగితం మీద కనిపించదు. రెండోది కైరోనోమిడ్‌లు. ఉప్పు తక్కువున్న మూలల్లో ఇవి గుంపులుగా దొరుకుతాయి. హీమోగ్లోబిన్‌తో ఎర్రగా ఉండి, ఆక్సిజన్ లేని బురదను తట్టుకునేవాటిని వేరే వరసలో రాసుకోవాలి. ఆ ఎరుపు ఆల్కహాల్‌లో వెలిసిపోతుంది కాబట్టి ట్రేలో బతికి ఉండగానే లెక్కపెట్టండి.

ఒడ్డున కూర్చుని క్రమం వరకే గుర్తించడం బడిపిల్లలకు బాగుంటుంది, తీర్పు చెప్పడానికి చాలదు. నీటి డీఎన్ఏ పరీక్షకు ల్యాబూ డబ్బూ కావాలి.

కుటుంబాన్ని ఎంచుకున్నా జాతి దారి మూసుకోకండి. ఒక్కో కుటుంబం నుంచి రెండు మూడు జీవులను ఫార్మలిన్ తగలకుండా 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా ఉంచితే, తర్వాత డీఎన్ఏ తీయడానికి పనికొస్తాయి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి: చోటు, తేదీ, ఉప్పు, జల్లెడ కన్ను. బయట అంటించిన చీటీ మీద పెన్ను రాత ఒక్క ఆల్కహాల్ చుక్కకే చెదిరిపోతుంది.