50 ఎంఎం లెన్స్, చాలాకాలం వాడాక: తగాదా అంతా ఫోకస్ రింగుతోనే

దీని షార్ప్‌నెస్, ధర, బరువు అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు పెళ్ళి వీడియోలు, అడపాదడపా షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళకి చెప్పాల్సింది ఫోకస్ రింగు సంగతి. రింగుకీ లోపలి అద్దాలకీ మధ్య మరలేవీ లేవు. మనం తిప్పితే లోపలి మోటారుకి కబురు వెళ్తుంది, అద్దాల్ని కదిపేది అదే.

అప్పగింతలు తీసుకోండి. తండ్రి ముఖం మీటరున్నర దూరంలో, పాలపళ్ళెం దగ్గర కూతురు మూడు మీటర్లలో. షాట్ తెగకుండా ఫోకస్ ఆయన మీంచి ఆమె మీదికి మెల్లగా జారితే ఇంకే సంగీతమూ అక్కర్లేదు. మామూలుగా రింగు మీద తెల్ల టేపు వేసి రెండు గీతలు పెట్టుకుంటాం, ఒకదాన్నుంచి రెండోదానికి తిప్పుతాం. ఇక్కడ ఆ లెక్క పనిచెయ్యదు. ఎంత తిప్పామన్నదే కాదు, ఎంత వేగంగా తిప్పామన్నదీ లెన్స్ చూస్తుంది. నిదానంగా తిప్పి పెట్టుకున్న గీతకి అసలు సమయంలో గబుక్కున తిప్పితే, ఫోకస్ కూతుర్ని దాటి వెనక షామియానా మీద ఆగుతుంది. సర్దేలోగా పాలు అద్దిన చేతులు అత్తగారి చేతుల్లోకి వెళ్ళిపోతాయి. పైగా రింగుకి అటూ ఇటూ ఆగే చోటు లేదు. కెమెరా ఆపి మళ్ళీ పెడితే ఫోకస్ అక్కడే ఉంటుందన్న భరోసా లేదు.

కొన్ని కొత్త కెమెరా బాడీల్లో రింగుకి లీనియర్ (వేగంతో పని లేకుండా, తిప్పినంతే కదలడం) అనే సెట్టింగ్ ఉంటుంది, ముందు అది వెతకండి. లేకపోతే ఆటోఫోకస్ మారే వేగం బాగా తగ్గించి, తెర మీద ముఖాన్ని వేలితో తాకండి. పెళ్ళికూతురు తల వంచితే మాత్రం అది పక్కనున్న పంతులుగారి మీదికి దూకుతుంది.

ఇక మెచ్చుకునేది భుజం మీంచి తీసే షాట్. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర పెట్టి దగ్గరికెళ్తే భుజం కొండంత, అవతలి ముఖం పిడికెడంత. 50తో కాస్త వెనక నిలబడితే రెండూ ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. అత్తాకోడళ్ళ మాటల్లో భుజం ఫ్రేములో మూడో వంతు ఉంచండి, కెమెరా ఇద్దర్నీ కలిపే ఊహాగీతకి ఒకే వైపు ఉండాలి. మాట పెడసరమైన చోట భుజం తీసేసి ఒంటరి ముఖాలు వెయ్యండి. సర్దుకున్నాక భుజం మళ్ళీ రావచ్చు.

ఎఫ్ 1.8, అంటే లెన్స్ కన్ను పూర్తిగా తెరవడం, దాని గురించి కొత్తలో అందరం తెగ పొగుడుతాం. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) బాడీ మీద మీటరున్నరలో స్పష్టంగా ఉండేది సుమారు ఆరు సెంటీమీటర్లే. కళ్ళు దొరికితే చెవులు పోతాయి, మనిషి ఊగితే కళ్ళూ పోతాయి. ఎఫ్ 4 దగ్గర పద్నాలుగు దాకా వస్తుంది. చీకటి పందిట్లో 2.8తో సరిపెట్టుకోవాలి.

బరంపురం పాత వీధుల్లో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పది అడుగుల గదిలో అడ్డంగా నిలబడితే ఇద్దరు పట్టడమే కష్టం, నిలువెత్తు మనిషికి ఆరేడు మీటర్లు కావాలి. అందుకని ఇంటి పొడవునా, గుమ్మాల్లోంచి తియ్యండి. మధ్యలో పడే ద్వారబంధాలు ఇద్దరి మధ్య దూరాన్ని అవే చెప్తాయి. నిజానికి ఈ ఇళ్ళకి 50 బాగానే కుదిరింది.

కొనొచ్చా అంటే, ఆటోఫోకస్‌తో పని నడిచేవాళ్ళకి ఈ తగాదా తెలియకపోవచ్చు. నా బాడీలో లీనియర్ లేదు, ఫోకస్ తిప్పే మనిషీ లేడు. అందుకే అడాప్టర్ తగిలించి ఫిల్మ్ కాలపు మాన్యువల్ 50 ఒకటి సంచిలో ఉంచుకుంటున్నాను. అప్పగింతలకి అదే బయటికొస్తుంది.