తిరుపతిలో గేమ్ డిస్కులకు అడ్వాన్సు కట్టేవారు జాగ్రత్త

తిరుపతిలో ప్లేస్టేషన్ డిస్కులు అమ్మే ఆ దుకాణం ఏదో నేను పేరు చెప్పకపోయినా ఇక్కడ ఆడేవారికి అర్థమవుతుంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్: గొల్లమ్’ కోసం అది విడుదలవడానికి ముందు ఏడాదే అక్కడ అడ్వాన్సు కట్టాను. 2019లో ప్రకటించి, 2021లో వస్తుందని ఊరించి, 2022 సెప్టెంబరు 1కి జరిపి, అదీ తప్పి చివరికి 2023 మే 25న విడుదల చేసిన ఆట అది. వాయిదా పడినప్పుడు నా డబ్బు నాకిమ్మని అడిగితే, “ఆలస్యమైతే ఇంకా బాగా చేస్తారు సామీ. నచ్చకపోతే వారంలోపల తెచ్చియ్యండి, వేరే డిస్కు ఇస్తాను” అని యజమానిగారు అభయమిచ్చారు.

ఆట ఎంత చెడ్డగా వచ్చిందో ప్రపంచమంతా రాసేసింది కనుక నేను కొత్తగా చెప్పేది లేదు. డిస్కు చేతికందిన మూడో రోజునే, బిల్లుతో సహా పట్టుకెళ్లాను.

యజమానిగారు బిల్లును తిరగేసి, వెనకవైపు వంకరగా పడిన ఊదారంగు రబ్బరు ముద్రను వేలితో చూపించారు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మీరిచ్చిన మాట ఏమైందని అడిగితే, కౌంటరు దగ్గరున్న నలుగురికీ వినబడేటట్టు, “ఆటను నేనేమన్నా చేసినానా సామీ? పోయి కంపెనీవాళ్లను అడుక్కోండి. సినిమా బాగలేదని హాలువాడు టికెట్టు డబ్బులు ఎనక్కిస్తాడా?” అన్నారు. నచ్చకపోతే మార్చి ఇస్తానని ఏ హాలు యజమానీ ముందుగా మాట ఇవ్వడని నేను అంటుండగానే, ఆయన సొరుగు లాగి, కావాలంటే పాతసరుకు కింద మూడు వందలకు తీసుకుంటానన్నారు. ఆ సొరుగులో అప్పటికే ఇదే ఆట డిస్కులు దొంతరగా ఉన్నాయి; పైదాని మీద ధర చీటీ సగం చిరిగి ఉంది. అంటే నాకంటే ముందు వచ్చినవారికీ ఇదే మర్యాద జరిగింది, అది తెలిసే నాకు నిండు ధరకు అంటగట్టారు. అక్కడే పక్కనున్న కుర్రవాడికి మరో రాబోయే ఆటకు అడ్వాన్సు రసీదు రాస్తున్నారు కూడా! బహుశా నేనే ఆయన వ్యాపారానికి అడ్డం నిలబడి ఉంటాను.

కంపెనీవాళ్లను అడగమన్నారు కదా, అడుగుదాం. ఆ ఆటను తయారుచేసిన, జర్మనీలో హాంబర్గులోని డెడాలిక్ సంస్థ, ఆట విడుదలైన మరునాడే క్షమాపణ చెప్పింది. రెండు నెలలు తిరగకుండానే సొంత ఆటల తయారీని ఆపేసింది. పాయింట్ అండ్ క్లిక్ ఆటలకు, అంటే తెర మీద మౌసుతో నొక్కుతూ కథ నడిపే ఆటలకు పేరున్న ఆ సంస్థకు ఇంతటి ఆట శక్తికి మించినదే కావచ్చు, కానీ తప్పంతా దానిదేనని నేననుకోను. ఆటలను ప్రచురించి అమ్మే నేకాన్ సంస్థ 2022లో డెడాలిక్‌ను కొనేసింది కనుక, అమ్మేదీ తయారుచేసేదీ ఒకే ఇంటివారే. పెద్ద పేరును వాడుకునే హక్కు ఇచ్చి డబ్బు తీసుకున్నవారూ ఉన్నారు. ఉద్యోగాలు పోయింది మాత్రం కూర్చుని పనిచేసినవారికి. తేదీ నిర్ణయించే అధికారం ఉన్నవారికే నిందలో పెద్ద వాటా దక్కాలి.

ఈ నెపాల బదిలీ కొత్తది కాదు. ‘ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్’ హక్కులు 2006లో ఆటల ప్రచురణ సంస్థ సేగా చేతికి వస్తే, ఆట 2013 ఫిబ్రవరికి గాని రాలేదు. ప్రదర్శనల్లో చూపినది ఒకటి, అమ్మినది మరొకటి అని అమెరికాలో కొనుగోలుదారులు దావా వేశారు. ప్రచారం ప్రచురణకర్త పని అని తయారీదారు గేర్‌బాక్స్ వాదించింది. సేగా 2014లో 12.5 లక్షల డాలర్లకు రాజీకి ఒప్పుకుంది.

ఆట చెడడానికి వీరిలో ఎవరు కారణమైనా, నా డబ్బు పోవడానికి వీరెవరూ కారణం కాదు. వారంలోపల మారుస్తానన్న మాట హాంబర్గువారు ఇవ్వలేదు, మన తిరుపతిలోనే ఇచ్చారు. ఈ రెండు తప్పులనూ కలిపేసి, దూరాన ఉన్నవారి వైపు వేలు చూపించడమే ఆ దుకాణం నేర్పు.

అడ్వాన్సు కట్టక తప్పదనుకుంటే, వాపసు మాటను రసీదు మీదనే రాయించి సంతకం తీసుకోండి. డిస్కులోనే లోపముంటే, బిల్లులో గడువు లేనప్పుడు 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతుంది. ఆ ముద్ర చూసి వెనుదిరగకండి. ఆట విసుగ్గా ఉండటం లోపం కిందికి వస్తుందని మాత్రం ఆశపడకండి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.