అపాచీ వెబ్ సర్వర్: పదకొండేళ్లు వాడాక, ఆ ఒక్క లైన్ గురించి

బ్రౌజర్లు అడిగిన వెబ్ పేజీలను పంపే సాఫ్ట్‌వేర్ అపాచీ. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, ఎంత స్పీడుగా పనిచేస్తుందో ఇక్కడ రాయడం లేదు. అవి అందరికీ తెలిసినవే. పదకొండేళ్లుగా దాన్ని నడుపుతున్న నాకు చెప్పాలని ఉన్నది సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లోని ఒకే ఒక్క లైన్ గురించి: ‘రిక్వైర్ ఆల్ డినైడ్’, అంటే ఎవరికీ ప్రవేశం లేదని.

మెషీన్‌లో అన్నిటికంటే పైనుండే ఫోల్డర్, అంటే రూట్ డైరెక్టరీ నుంచి కింద ఉన్న ఫైళ్లన్నిటికీ అపాచీ ముందే తాళం వేసి మన చేతికిస్తుంది. బయటివాళ్లకు ఏ ఫోల్డర్ కనిపించాలో దాని తలుపు ఒక్కటే మనం తీసుకోవాలి. మొదట్లో ఇది నాకు పెద్ద చిరాకు. సైట్‌ను వేరే ఫోల్డర్‌లోకి మార్చినప్పుడల్లా 403 ఎర్రర్, అంటే ‘అనుమతి లేదు’ అనే జవాబు వచ్చేది. కారణం వెతకడానికి గంటలు పట్టేది. ఆ లైన్ ఎంత విలువైనదో 2021 అక్టోబర్‌లో తెలిసింది.

ఆ సెప్టెంబర్‌లో 2.4.49 వెర్షన్ వచ్చింది. అంతకుముందు వెర్షన్లలో ప్రాక్సీ మాడ్యూల్‌కు (వచ్చిన రిక్వెస్ట్‌లను వేరే సర్వర్లకు పంపే భాగానికి) ఉన్న ఒక పెద్ద లోపాన్ని అందులో సరిచేశారు. మా ఏడు సర్వర్లలో మూడు ప్రాక్సీ పనే చేస్తాయి కాబట్టి ఆలస్యం చేయకుండా ఏడింటికీ ఎక్కించాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. అడ్రస్‌లోని దారిని సరిచూసే కోడ్‌ను అదే వెర్షన్‌లో మార్చారు, అక్కడ కొత్త లోపం దూరింది. అదే సీవీఈ-2021-41773 (సెక్యూరిటీ లోపాలకు ఇచ్చే అధికారిక నంబర్).

సంగతి ఇదీ. అడ్రస్‌లో రెండు చుక్కలు, ఒక స్లాష్ పెడితే ఒక ఫోల్డర్ పైకి వెళ్లమని అర్థం. అలా తన ఫోల్డర్లు దాటి పైకి పోకుండా వెబ్ సర్వర్ అడ్డుకోవాలి. రెండో చుక్కను నేరుగా కాకుండా ‘%2ఈ’ అనే కోడ్ రూపంలో రాస్తే మాత్రం 2.4.49 గుర్తుపట్టలేదు. చుక్క పక్కన చుక్క ఉందా అని చూసే సమయానికి ఆ కోడ్ ఇంకా చుక్కగా మారలేదు. అలా అలియాస్ ఇచ్చిన (సైట్ అడ్రస్‌కు ముడిపెట్టిన) ఏ ఫోల్డర్ నుంచైనా మెట్టు మెట్టుగా పైకెక్కి, సైట్‌తో సంబంధం లేని ఫైళ్లను చదవొచ్చు. సర్వర్‌లోని ప్రోగ్రాములను నడిపే సీజీఐ మాడ్యూల్ కూడా నడుస్తుంటే ఏకంగా మెషీన్ మీద కమాండ్లే ఇవ్వొచ్చు.

అక్టోబర్ 4న 2.4.50 విడుదలైంది. 6వ తేదీ పొద్దున్నే అన్ని సర్వర్లకూ ఎక్కించి ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడే, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజే, 2.4.51 వచ్చింది. ముందు రోజు వేసిన ప్యాచ్ సరిపోలేదట! ఆ ‘2’నీ ‘ఈ’నీ మళ్లీ కోడ్‌లోకి మార్చి రాస్తే 2.4.50 కూడా మోసపోతుంది. దీనికి సీవీఈ-2021-42013 అని వేరే నంబర్ ఇచ్చారు. ఆ రెండో అప్‌డేట్ చేస్తున్నప్పుడే అనుమానం వచ్చి, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ అపాచీ రాసిపెట్టే పాత లాగ్‌లు తెరిచాను.

ఏడు సర్వర్లకూ ప్రయత్నాలు వచ్చాయి. ఆరింటి లాగ్‌లలో ఆ ప్రయత్నాలన్నిటికీ జవాబు 403. లోపమున్న వెర్షనే నడుస్తున్నా ఆ పాత తాళం పడే ఉంది కాబట్టి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లారు. నాకు అన్నాళ్లూ చిరాకు తెప్పించిన 403 అదే.

ఏడోదాంట్లో మాత్రం 200 ఉంది, అంటే అడిగింది ఇచ్చేసిందని. 5వ తేదీ రాత్రి, పాస్‌వర్డ్ ఫైల్ కోసం వచ్చిన రిక్వెస్ట్ అది. లాగ్‌లో చివర పంపిన బైట్ల లెక్క ఉంటుంది కదా, దాన్ని ఆ ఫైల్ సైజుతో పోల్చి చూశాను. రెండూ ఒకటే. చేతులు చల్లబడ్డాయి. కాన్ఫిగ్ తెరిస్తే ‘డినైడ్’ ఉండాల్సిన చోట ‘గ్రాంటెడ్’ (అందరికీ అనుమతి) ఉంది. 2018లో సైట్ ఫోల్డర్ మార్చినప్పుడు, 403 పోవాలని తొందరలో నేనే మార్చాను. ఆ తర్వాత మళ్లీ అటు చూడలేదు.

పేరుకు పాస్‌వర్డ్ ఫైలే గానీ, ఆ ఫైల్‌లో యూజర్ల పేర్లు తప్ప అసలు పాస్‌వర్డ్‌లు ఉండవు. అవి ఉండే షాడో ఫైల్‌ను అపాచీ యూజర్ చదవలేదు. సీజీఐ మాడ్యూల్ ఆ సర్వర్‌లో లోడ్ కాలేదు కాబట్టి షెల్ నడపాలని, అంటే కమాండ్లు ఇవ్వాలని చేసిన ప్రయత్నాలూ పారలేదు. అయినా డేటాబేస్ పాస్‌వర్డ్ రాసుకున్న ఫైల్‌ను అపాచీ చదవగలదు. దాన్ని ఎవరూ అడిగినట్టు లాగ్‌లో లేదు. ఆ మాట నమ్మి ఊరుకోలేక ఆ రాత్రే పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, మర్నాడు ఆ మెషీన్‌ను తుడిచేసి మొదటి నుంచి కట్టుకున్నాను. పండగ మొదటి మూడు రోజులూ టెన్షన్‌తోనే గడిచాయి.

కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోవాలని అంతకుముందు తెలిసినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించి చెబుతున్నాను. లినక్స్ రకమైన ఉబుంటు 20.04లో ప్యాకేజీగా వచ్చిన 2.4.41ని అప్పట్లో వాడుతున్నవాళ్లకు ఈ లోపం అంటనే లేదు. సెక్యూరిటీ మార్పులను పాత వెర్షన్‌కే అతికించి ఇచ్చే పద్ధతిలో ఇలాంటి లాభం ఉంది. ప్యాకేజీ కాకుండా సోర్స్ కోడ్ నుంచి నేనే కంపైల్ చేసుకునే అలవాటు ఇప్పుడు రెండు సర్వర్లకే పరిమితం. ‘డినైడ్’ లైన్‌ను కూడా అతిగా పొగడలేను. మనం తలుపు తీసిన ఫోల్డర్ లోపల ఏముందో అది చూడదు. అక్కడ బ్యాకప్ ఫైల్ మర్చిపోతే అది బయటపడ్డట్టే.

ఇప్పుడు ప్రతి అప్‌డేట్ తర్వాతా మూడు పనులు చేస్తాను. కాన్ఫిగ్ అంతటా ‘గ్రాంటెడ్’ అనే మాట వెతికి, ఒక్కోటీ ఎందుకుందో చూస్తాను. వాడని మాడ్యూళ్లను, ముఖ్యంగా సీజీఐని, తీసేస్తాను. ఆ చుక్కల అడ్రస్‌లతో నా సర్వర్‌ను నేనే తట్టి చూస్తాను.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ అక్టోబర్ వారానికి. నా సంగతి వేరు: పాత అప్లికేషన్లన్నీ డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్ల (ఫోల్డర్‌కో సెట్టింగ్ ఇచ్చే అపాచీ ఫైళ్ల) మీద ఆధారపడ్డాయి, మార్చే ఓపికా మనుషులూ మా దగ్గర లేరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఉత్త పేజీలూ బొమ్మలూ చూపిస్తే చాలనుకునేవాళ్లు ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ కూడా చూసుకోవచ్చు. అపాచీనే ఎంచుకుంటే, మొదటిసారి 403 వచ్చినప్పుడు రూట్ డైరెక్టరీ దగ్గరి లైన్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ సైట్ ఫోల్డర్ ఒక్కదానికే అనుమతి ఇస్తూ కాన్ఫిగ్‌లో విడిగా ఒక బ్లాక్ రాసుకోండి, అయిదు నిమిషాల పని.