సిరామిక్ కోటింగా, వ్యాక్సా? శ్రీకాకుళం ఎండలో, బోరు నీళ్ళలో రెండూ వాడి చూశాక

మా ఇంటి ఆవరణలో రెండు కార్లుంటాయి. నాది ముదురు నీలం సెడాన్. నాన్నది పాత ఎర్ర హ్యాచ్‌బ్యాక్. నా బండికి కొన్న కొత్తలోనే విశాఖపట్నం తీసుకెళ్ళి సిరామిక్ కోటింగ్, అంటే పెయింటు మీద పూస్తే గట్టిపడే సన్నటి పారదర్శక పొర, వేయించాను. నాన్న బండికి నేనే చేత్తో వ్యాక్స్ రుద్దుతుంటాను. రెండింటికీ ఒకే మామిడి చెట్టు, ఒకే బోరు, ఒకే ఉప్పుగాలి, కడిగేదీ నేనొక్కడినే. ఇలా నాలుగో వర్షాకాలం కూడా దాటింది కాబట్టి దేని సంగతేమిటో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. కోటింగ్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే షాపువాళ్ళు చెప్పే పని అది చెయ్యదు. వ్యాక్స్ కూడా పనిచేస్తుంది గానీ డబ్బా మీద రాసినన్నాళ్ళు ఉండదు. మా ఊళ్ళో మాత్రం వీటి రెండింటికన్నా మీ ఇంట్లో కారు కడిగే నీళ్ళు ఎలాంటివన్నదే ముఖ్యం. ఆ సంగతి షాపులో ఎవరూ అడగరు.

కోటింగ్ వేయించిన చోట బండిని రెండు రోజులు ఉంచుకున్నారు. షాంపూతో కడిగి, క్లే ముద్దతో పెయింటుకి అంటుకున్న గరుకంతా లాగేసి, మెషిన్ పాలిష్ పట్టి, చివర్న చిన్న సీసాలోని ద్రవాన్ని ఒక్కో భాగానికీ పూసి, కాసేపాగి తుడిచారు. ఇరవై వేల పైచిలుకు అయింది. అందులో అసలు విలువ సీసాది కాదు, దానికి ముందు రోజంతా పాలిష్ పట్టిన మనిషిది. పెయింటు మీద గీతలుండగా కోటింగ్ వేస్తే ఆ గీతలు కూడా భద్రంగా కిందనే ఉండిపోతాయి. గంటలో వేసి ఇచ్చేస్తామన్న చోటికి వెళ్ళకపోవడం మంచిది.

పని మొదలెట్టేముందు అక్కడి కుర్రాడు బానెట్ మీద చిన్న మీటరొకటి ఆనించి చూపించాడు. 110 మైక్రాన్లు. అంటే ప్రైమరు, రంగు, పైన మెరిసే క్లియర్ కోటు అన్నీ కలిపి మిల్లీమీటరులో తొమ్మిదో వంతు. అందులో క్లియర్ కోటు నలభై, యాభై మైక్రాన్లుంటే ఎక్కువ. దాని మీద పడే సిరామిక్ పొర ఒకటో, రెండో మైక్రాన్లు. ఈ లెక్క గుర్తుంటే షాపులో వినిపించే మాటల్లో సగం వాటంతటవే రాలిపోతాయి. టెక్కలి దాటాక గ్రానైటు లారీ వెనకాల వెళుతుంటే ఎగిరొచ్చిన కంకర నా బానెట్ అంచున ఆవగింజంత పెచ్చు లేపింది. కోటింగూ, క్లియరూ, రంగూ అన్నీ దాటి ప్రైమరు కనబడింది. రాళ్ళ దెబ్బ ఆగాలంటే పీపీఎఫ్, అంటే పెయింటుని కాపాడే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్ము, వేయించుకోవాలి. దాని మందం నూటయాభై మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది. బండి మొత్తానికి వేయిస్తే ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నేను దాని జోలికి పోలేదు.

ఇక అందరూ చెప్పే ‘9హెచ్ గట్టిదనం’. వజ్రానికి పది, మా కోటింగ్‌కి తొమ్మిది అన్నట్టు చెప్పేవాళ్ళని చూశాను. ఆ హెచ్ పెన్సిళ్ళ లెక్క. హెచ్‌బీ, 2హెచ్ అని బొమ్మలకి వాడే పెన్సిళ్ళ వరసలో దాదాపు అన్నిటికన్నా గట్టిదైన 9హెచ్ పెన్సిలుతో గీసినా పొర చెక్కుచెదరలేదని దానర్థం. ఖనిజాల గట్టిదనం కొలుస్తూ వజ్రానికి పది మార్కులిచ్చే మోస్ కొలమానం వేరు. ఆ కొలమానంలో మామూలు ఇసుకలోని క్వార్ట్జ్‌దే ఏడు. పైగా మనది రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరమున్న జిల్లా. కళింగపట్నం, భావనపాడు ఇసుకలో గార్నెట్ కూడా ఉంటుంది. గరుకు కాగితం తయారీకి వాడే ఖనిజం అది. బీచికి వెళ్ళొచ్చిన బండిని పొడిగుడ్డతో తుడిచారంటే కోటింగున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేస్తుంటారు కదా, ఆ పద్ధతి మార్చుకోలేనివాళ్ళు కోటింగ్‌కి డబ్బు పెట్టడం దండగ.

నా అసలు ఫిర్యాదు బోరు నీళ్ళ దగ్గరుంది. కోటింగ్ వేసిన బానెట్ మీద నీళ్ళు పరుచుకోవు, గుండ్రటి బొట్లుగా నిలబడతాయి. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. ఏప్రిల్లో పొద్దున ఎనిమిదింటికి కడిగి, తుడవబోయేలోగా ఎవరో వచ్చి రెండు మాటలు మాట్లాడి వెళితే చాలు. ఆ బొట్లు ఒక్కొక్కటీ అంచుల్నుంచి లోపలికి ముడుచుకుంటూ ఆరిపోయి, ఉన్నచోట తెల్లటి ఉంగరం మిగులుతుంది. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కడికీ పోవు. గోటితో గీకినా రాదు. తడిగుడ్డ పెడితే పోయినట్టే ఉంటుంది, ఆరగానే మళ్ళీ ప్రత్యక్షం. ముదురు నీలం మీద అయితే గేటు దగ్గర్నుంచే కనబడతాయి. పొర ఎంత బాగా పనిచేస్తే బొట్టు అంత గుండ్రంగా నిలబడుతుంది, మరక అంత చిక్కగా పడుతుంది. నాన్న బండి మీద కూడా మరకలు పడతాయి గానీ, మళ్ళీ వ్యాక్స్ పట్టించేముందు పాలిష్ చేసినప్పుడు పాత మైనంతో పాటే పోతాయి. కోటింగ్ మీద ఆ సౌకర్యం లేదు. పాలిష్ పెడితే మరకతో పాటు మీరు డబ్బిచ్చి వేయించుకున్న పొర కూడా పోతుంది.

నాకు కుదిరిన మందు ఇది. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్లో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, మెత్తటి గుడ్డ ముంచి, బండి చల్లగా ఉన్నప్పుడు మరక మీద నిమిషం పరిచి, తర్వాత బాగా కడిగేయాలి. తాజా మరకలు పోతాయి. వారాల తరబడి ఎండలో మాగినవి పోవు, కింద పెయింటులో గుంట పడి ఉంటుంది. అందుకే ఇప్పుడు మొదటి కడుగు బోరుతో కానిచ్చి, చివరి రెండు బకెట్లూ కొళాయి నీళ్ళు వాడతాను. మా కొళాయికి వచ్చేవి లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్ళు. సాయంత్రం ఎండ దిగాక కడిగి, పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలుతో అక్కడికక్కడే నీళ్ళు అద్దేస్తాను. మీ నీళ్ళ సంగతి తెలియాలంటే వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లగా పొర కట్టి ఉందంటే ఆ నీళ్ళతో కోటింగ్ బండి కడిగి ఎండకి వదిలేయకూడదన్నమాట.

ఇంత తిట్టాక కోటింగ్ గొప్పతనం కూడా చెప్పాలి. రథసప్తమికి అరసవల్లి జనంతో కిటకిటలాడే రోజుల్లోనే మా మామిడి పూత మీద తేనెమంచు పురుగు దిగుతుంది. పొద్దున లేచేసరికి అద్దాలూ, టాపూ, బానెట్టూ జిగటజిగట. దాని మీద దుమ్ము కూర్చుంటుంది, వదిలేస్తే నల్లగా బూజు పడుతుంది. నా బండి మీద షాంపూ నురగ పోసి అయిదు నిమిషాలాగి పైపు పెడితే ఆ జిగటంతా జారిపోతుంది, రుద్దాల్సిన పనే ఉండదు. నాన్న బండికి రుద్దాలి. రుద్దిన కొద్దీ మైనం పోతుంది, మైనం పోయిన కొద్దీ జిగట మరింత పట్టుకుంటుంది. పూత కాలం అయ్యేసరికి దాని మీద పేరుకి కూడా వ్యాక్స్ మిగలదు. వానల్లో ట్రాక్టర్లు రోడ్డెక్కించిన బురదా అంతే, సాయంత్రం హైవే మీద మూతికి అంటుకునే పురుగులూ అంతే. కోటింగ్ బండి కడగడం సగం సేపట్లో అయిపోతుంది. నా దృష్టిలో ఆ ఇరవై వేలకీ దక్కిన ఫలం ఇదే. మెరుపంటారా, అది మెషిన్ పాలిష్‌ది.

వ్యాక్స్ సంగతి వేరు. మంచి డబ్బాల్లో ఉండేది కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది. కరగాలంటే ఎనభై డిగ్రీలు దాటాలి, కాబట్టి మన ఎండకి కారిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే ఒట్టి కార్నూబా గట్టిగా పెళుసుగా ఉంటుంది. పూయడానికి వీలుగా నూనెలూ, సాల్వెంట్లూ కలుపుతారు. మా ఎండాకాలంలో నెలన్నర, మహా అయితే రెండు నెలలు. ఆపైన నీళ్ళు పోస్తే బొట్లు కట్టకుండా బల్లపరుపుగా పాకుతాయి, మళ్ళీ పూయాల్సిన వేళయిందని అర్థం. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే అదీ లేదు. అక్కడి ఘాటు సబ్బుకి ఒక్క కడుగులోనే చాలా భాగం పోతుంది.

పూయడంలో కిటుకల్లా పలచగా పూయడమే. స్పాంజికి కొంచెం అద్ది, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు ఒక్కో తలుపూ పూసుకుంటూ పోవాలి. మసక కట్టాక వేలితో ఒక గీత గీసి చూస్తే శుభ్రంగా తేలాలి, సాగకూడదు. అప్పుడు తుడవాలి. ఎండలో పూశారంటే అట్టకట్టి చేతులు పడిపోతాయి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి తగిలితే తెల్ల మచ్చలు పడతాయి, పాత టూత్‌బ్రష్‌తో కూర్చోవాలి. నేనిలా రెండు గంటలు బండి చుట్టూ తిరుగుతుంటే మా అమ్మ అరుగు మీంచి, “ఏట్రా, కారుకి నలుగెట్టి తలంటుతున్నావా?” అంటుంది. మొదట పాలిష్ రుద్దేటప్పుడు గుడ్డంతా ఎర్రగా అయిపోతుంది. చూసినవాళ్ళు రంగు పోతోందని కంగారు పడతారు. ఆ బండి రంగు మీద క్లియర్ కోటు లేదు, ఎండకి పాలిపోయిన పైపొరే గుడ్డకి అంటుకుంటుంది. ఆ పాలిపోయింది పోయి వ్యాక్స్ పడ్డాక ఎరుపు ఎంత లోతుగా కనబడుతుందంటే, దాని పక్కన నా కొత్త బండి వెలవెలబోతుంది. ఈ ఒక్క విషయంలో వ్యాక్స్‌కే నా ఓటు. పాత బండికి వేలు పోసి కోటింగ్ వేయించడంలో అర్థం లేదు.

ఏ పూతా లేకపోతే ఏమవుతుందో విజయనగరంలో మా బావ బండి చూశాను. తెల్ల కారు. దసరాకి అక్క బానెట్ మీద పసుపు రాసి, కుంకుమతో స్వస్తిక్ పెట్టింది. పూజ చేసిన బొట్టు చెరపకూడదని అలాగే ఉంచారు. పసుపు మరక ఎండకి దానంతటదే పోయింది. కుంకుమ మాత్రం లేత గులాబీ రంగులో ఉండిపోయింది, పాలిష్ పెట్టాకే పోయింది. నా బండికి అమ్మ పెట్టిన బొట్టు వారం తర్వాత కడిగితే ఆనవాలు లేదు. నాన్న బండిదీ అంతే.

పక్షుల రెట్టకి మాత్రం రెండూ ఒకటే. వేసవిలో ఒక పూట వదిలేస్తే చాలు. నా బండి టాపు మీద అలా పడిన గుంట ఒకటి శాశ్వతంగా ఉండిపోయింది. కోటింగ్ వేసిన చోటికి తీసుకెళితే వారంటీ కాగితం తిప్పి చూపించారు. అయిదేళ్ళ వారంటీలో నీటి మరకలు, రెట్టలు, గీతలు, రాళ్ళ దెబ్బలు ఏవీ రావు. ఆర్నెల్లకోసారి వాళ్ళ దగ్గరే డబ్బు కట్టి సర్వీసు చేయించాలి, ఒకటి తప్పినా వారంటీ పోతుంది. మరి అది దేనికి వారంటీ అని అడిగితే, పొర ఊడిపోకుండా ఉండటానికట. కంటికి కనబడని పొర ఊడిందని ఎవరు రుజువు చేస్తారు? ఇప్పుడు నా బండికి తలుపుల మీద నీళ్ళు బాగానే జారుతున్నాయి. బానెట్టూ, టాపూ మందగించాయి. ఎండ పడేది అక్కడే కదా.

ఉప్పుగాలి గురించి ఒక మాట. కోటింగ్ వేస్తే తుప్పు పట్టదన్న ధీమా పెట్టుకోకండి. తుప్పు మెరిసేచోట మొదలవ్వదు. తలుపు కింది అంచుల్లో, చక్రాల గూళ్ళలో, రాయి తగిలిన పెచ్చుల్లో మొదలవుతుంది. పెచ్చు లేచిన చోట టచప్ పెయింటు చుక్క పెట్టడం, బీచి నుంచి రాగానే బండి అడుగు భాగం మంచినీళ్ళతో కడగడం, తలుపుల అడుగున నీళ్ళు కారే చిల్లులు పూడకుండా చూసుకోవడం. వీటికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

నా బండి కోటింగ్ పూర్తిగా అరిగాక మళ్ళీ వేయించను. ఇప్పుడు సిలికా కలిసిన స్ప్రే సీలెంట్లు, అంటే పెయింటు మీద కొన్నాళ్ళుండే రక్షణ పొర వేసే ద్రవాలు, దొరుకుతున్నాయి. కడిగాక కొట్టి తుడిస్తే పదిహేను నిమిషాల పని, మూడు నెలలు నడుస్తుంది. బానెట్టుకీ, టాపుకీ ఇప్పటికే అదే వాడుతున్నాను. బోరు మరకలు పడినా సీలెంటుతో పాటే సాగనంపొచ్చు.

మొన్న బావ కొత్త కారు బుక్ చేశాడు, మళ్ళీ తెలుపే. షోరూము వాళ్ళు బిల్లులో టెఫ్లాన్ కోటింగ్ కలిపేశారట. “ఏయించీమంటావా, మానీమంటావా?” అని ఫోను. టెఫ్లాన్ పెనానికి పట్టాలంటే మూడు వందల డిగ్రీలు దాటిన వేడి కావాలి, కారుకి అలా కాలిస్తే పెయింటే మిగలదు, బిల్లులోంచి తీసేయించమన్నాను. ఆయన ఇంటికి షెడ్డుంది, మున్సిపాలిటీ నీళ్ళున్నాయి, వారానికోసారి తనే కడుక్కుంటాడు. నాకన్నా ఆయనకే సిరామిక్ బాగా నిలుస్తుంది. మూడు పొరలూ, అయిదేళ్ళ ప్యాకేజీ వద్దు, బాగా పాలిష్ పట్టి ఒక్క పొర వేసేవాణ్ణి చూసుకోమన్నాను, అడుగు భాగానికి తుప్పు నిరోధక స్ప్రే మాత్రం మానొద్దన్నాను. స్ప్రేకి ఒప్పుకున్నాడు. కోటింగ్ డబ్బుల దగ్గర అక్క ఇంకా ఊ అనలేదు.