టెక్సాస్ స్టేట్ పార్క్స్ పాస్: 70 డాలర్లకు వచ్చేది, రానిది

టెక్సాస్ స్టేట్ పార్కుల వార్షిక పాస్ ధర 70 డాలర్లు. పాస్ ఉన్నవారితో పాటు అదే వాహనంలో వచ్చినవారందరికీ రాష్ట్రంలోని 80కి పైగా పార్కుల్లో ప్రవేశ రుసుము ఉండదు. 12 ఏళ్లు దాటని పిల్లలకు ప్రవేశం ఎలాగూ ఉచితమే కాబట్టి, భార్యాభర్తలూ చిన్నపిల్లలూ మాత్రమే ఉన్న ఇంటికి ఈ పాస్ గిట్టుబాటు కావడానికి కొంత సమయం పడుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఏడాది సంగతి వేరు. నలుగురు పెద్దవాళ్లు ఎన్‌చాంటెడ్ రాక్ అనే స్టేట్ పార్కుకు వెళ్తే తలకు 8 డాలర్ల చొప్పున ఒక్కరోజుకే 32 డాలర్లవుతాయి గనుక, మూడో ప్రయాణానికే పాస్ ఖర్చు రాబట్టుకోవచ్చు.

ఈ పాస్‌లోని అసలు లోపం ధరలో లేదు. పాస్ చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి రానిస్తారన్న భరోసా ఉండదు. వసంతకాలపు వారాంతాల్లో ఎన్‌చాంటెడ్ రాక్ వంటి చోట్ల పార్కింగ్ నిండగానే గేటు మూసేస్తారు. ఆ రోజుకు ముందుగానే ఆన్‌లైన్‌లో విడిగా రిజర్వేషన్ చేసుకోకపోతే పాస్ ఉన్నవారు కూడా వెనుదిరగవలసిందే. డబ్బు తీసుకునేటప్పుడే ఈ విషయాన్ని పెద్ద అక్షరాల్లో చెబితే బాగుండేది.

అయితే, రద్దీకి తగినన్ని పార్కులు ఎందుకు లేవో తెలియాలంటే నిధుల చరిత్ర చూడాలి. క్రీడాసామగ్రి అమ్మకాలపై వచ్చే సేల్స్ టాక్స్‌లో భాగాన్ని పార్కులకు ఇవ్వాలని రాష్ట్రం 1993లోనే చట్టం చేసింది. ఇది కొత్త పన్ను కాదు. చేపల గాలమో, సైకిలో, క్రికెట్ బ్యాటో కొన్నప్పుడు మనం ఎలాగూ కట్టే పన్నులోని వాటా. కానీ శాసనసభ ఏళ్ల తరబడి ఆ సొమ్ములో చాలా భాగాన్ని ఇతర ఖర్చులకు మళ్లించింది. 2011లో కరవూ కార్చిచ్చులూ వచ్చి సందర్శకులు తగ్గిపోయినప్పుడు, పార్కులు నడపడానికి 46 లక్షల డాలర్ల విరాళాలు కావాలని సంబంధిత శాఖ ప్రజలను అర్థించవలసి వచ్చింది. ఒక ప్రభుత్వ శాఖ చందాలకు దిగిందంటే, లోటు ప్రకృతి తెచ్చినదొక్కటే కాదని ఒప్పుకోవాలి.

2019లో 88 శాతం ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో ఆ మళ్లింపుకు అడ్డుకట్ట పడింది. 2023లో, రాష్ట్ర పార్కుల వ్యవస్థకు నూరేళ్లు నిండిన సంవత్సరంలో, కొత్త పార్కులకు భూమి కొనేందుకు 100 కోట్ల డాలర్ల నిధిని కూడా ఓటర్లే ఆమోదించారు. ఆ అవసరం ఎంతటిదో అదే ఏడాది కళ్లకు కట్టింది. ఒక విద్యుత్ సంస్థ నుంచి లీజుకు తీసుకున్న భూమిలో దశాబ్దాలుగా నడిచిన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ పార్కు, ఆ భూమి ప్రైవేటు డెవలపర్ చేతికి వెళ్లడంతో మూతపడింది. టెక్సాస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటు వారిదే కాబట్టి, పోయినదానికి బదులు మరొకటి సులువుగా దొరకదు.

ఈ నిధుల ఫలితం మన పేటలోని చిన్న పార్కుల దాకా వస్తుందన్నది పాస్ కొనేవారు అంతగా గమనించని విషయం. ఆటస్థలాలు, నడకదారుల కోసం నగరాలూ కౌంటీలూ దరఖాస్తు చేసుకుంటే రాష్ట్రం గ్రాంటు ఇస్తుంది. ఆ గ్రాంటుకు సమానమైన వాటాను స్థానిక సంస్థ భరించాలి. ఏ పేటలోనైనా మైదానం కావాలని అడగదలచినవారు సిటీ కౌన్సిల్ బడ్జెట్ సమావేశాలకు వెళ్లి ఆ వాటా సంగతి అడగడం మేలు.

ఇక కొనాలా వద్దా అంటే, పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న ఇంటికీ, గ్లెన్ రోజ్ ఊరి దగ్గరి స్టేట్ పార్కులో, పలక్సీ నదీగర్భంలో డైనోసార్ అడుగుజాడలు చూడడానికి సాధారణ పనిదినాల్లో వెళ్లగలిగినవారికీ ఈ పాస్ చవకే. శని, ఆదివారాలు తప్ప తీరిక లేనివారు మాత్రం ముందుగా రిజర్వేషన్ దొరుకుతుందో లేదో చూసుకుని, ఆ తరువాతే 70 డాలర్లు కట్టడం మంచిది.