కాన్పు తర్వాత షుగర్ టెస్ట్: పరగడుపుది చాలా, గ్లూకోజు నీళ్లు తాగాలా?

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పయ్యాక మందులు ఆపేసిన వాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒకటే: “పరగడుపున నార్మలే వచ్చింది కదా, మళ్లీ ఆ గ్లూకోజు నీళ్లు తాగాలా?” తాగమనే చెబుతాను. నా రిపోర్టే కారణం.

పరగడుపున 94. ఆ ఒక్క అంకె చూసి ఉంటే నిశ్చింతగా ఇంటికొచ్చేసేదాన్ని. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 168. నార్మల్ అంటే 140 లోపు ఉండాలి. 200 చేరితే మధుమేహం. నాది మధ్యలో, ప్రీడయాబెటిస్. రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నప్పుడు నెట్టుకొచ్చే శరీరం, ఒక్కసారిగా చక్కెర వచ్చిపడితే తట్టుకోలేకపోవచ్చు. గర్భంలో మనకు బయటపడిన బలహీనత చాలావరకు ఇదే. దాన్ని నేరుగా పరీక్షించేది ఈ గ్లూకోజు టెస్టే. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది.

కష్టం లేదని అనను. గ్లూకోజు నీళ్లు ఐదు నిమిషాల్లో తాగేయాలి, గొంతు దిగవు. రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, ఒళ్లో పసిబిడ్డ. రక్తం ఇచ్చే ముందే బిడ్డకు పాలు పట్టేయండి, ఎత్తుకోవడానికి ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. వాంతి అయిపోతే ఇంకో రోజు మళ్లీ చేయించుకోవాల్సిందే. ముందు మూడు రోజులూ అన్నం తగ్గించకుండా మామూలుగా తినండి.

పరగడుపు టెస్ట్‌ను తీసిపారేయను. బ్రిటన్ మార్గదర్శకాలు 6 నుంచి 13 వారాల మధ్య దాన్నే చేయమంటాయి; అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజు టెస్ట్ చేయించుకోమంటుంది. రెండు గంటలు కూర్చోవడం కుదరదని అసలు ఏ టెస్టూ చేయించుకోకపోవడం కన్నా, పరగడుపుది చేయించుకోవడం ఎంతో నయం. 126 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే మధుమేహమని అదే చెప్పేస్తుంది, ఇంకోసారి చేసి ఖాయం చేసుకుంటారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం పచ్చి బాలింతకు వద్దు. అది ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెర లెక్క. గర్భంలో ఆ కణాలు త్వరగా మారిపోతుంటాయి, కాన్పులో రక్తం పోతుంది. కొత్త కణాలకు చక్కెర పట్టేంత సమయం ఉండదు. అందుకే ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. ఐరన్ లోపం ఉంటే ఎక్కువా చూపించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఒక కన్నేసి ఉంచడానికి సరే, నిర్ధారణకు పనికిరాదు.

మొదటి టెస్ట్ నార్మల్ వచ్చినా ఏడాది నుంచి మూడేళ్లకోసారి, జీవితాంతం చూపించుకోవాలి. అప్పుడు హెచ్‌బీఏ1సీ అయినా ఫర్వాలేదు, నేనిప్పుడు ఏటా చేయించుకునేది అదే. మళ్లీ గర్భం అనుకుంటే మాత్రం ముందుగానే చేయించుకోండి. బిడ్డ గుండె, వెన్ను రూపు కట్టేది తొలి వారాల్లోనే, అప్పుడు షుగర్ ఎక్కువగా ఉంటే వాటికి హాని జరగవచ్చు. నెల తప్పిందని మనం గమనించేసరికే అది మొదలైపోయి ఉంటుంది.